తుంటి కీలులో ఒరిపిడి: కత్తి కంటే ముందు కసరత్తు

నేల మీద మఠం వేసుకుని కూర్చుని లేచేటప్పుడు గజ్జలో కలుక్కుమంటుంది. బైకు ఎక్కడానికి కాలు తిప్పినా, వంగి బూటు లేసు కట్టుకున్నా, గంటసేపు కుర్చీలో కదలకుండా కూర్చున్నా అదే నొప్పి. ఎక్కడని అడిగితే చాలామంది బొటనవేలు, చూపుడువేలు విడదీసి తుంటి పక్కభాగాన్ని పట్టుకుని చూపిస్తారు. యువతలో, నడివయసువారిలో, ముఖ్యంగా ఆటలాడేవారిలో ఇలాంటి నొప్పికి ఒక కారణం 'హిప్ ఇంపింజ్‌మెంట్'. అంటే తుంటి కీలులో ఎముకలు ఒకదానికొకటి తగిలి ఒరుసుకోవడం. ఎక్స్‌రేలో 'ఎముక పెరిగింది' అనే మాట వినగానే ఆపరేషన్ తప్పదేమోనని భయపడేవారు ఎందరో. నిజానికి ఈ సమస్య ఉన్న చాలామందికి మొదట అవసరమయ్యేది సరైన వ్యాయామం.

ఒరిపిడి ఎలా మొదలవుతుంది?

తుంటిది 'బంతి గిన్నె కీలు' అని బడిలో చదువుకున్నాం. తొడ ఎముక పైచివర ఉన్న గుండ్రని తల బంతి అయితే, కటి ఎముకలోని గుంట గిన్నె. గిన్నె అంచు చుట్టూ 'లేబ్రమ్' అనే మెత్తని వలయం ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ మూతకు గ్యాస్‌కెట్ ఎలాంటిదో కీలుకు ఇది అలాంటిది. కీలులోని ద్రవాన్ని బయటకు పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

కొందరిలో బంతికీ దాని మెడకూ మధ్య ఉండాల్సిన నొక్కు పూడిపోయి, అక్కడ ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది. దీన్ని 'కామ్' రకం అంటారు. తొడను పైకి మడిచి లోపలికి తిప్పినప్పుడు ఆ ఉబ్బు గిన్నెలోకి దూరి లోపలి మృదులాస్థిని గీరుతుంది. మరికొందరిలో గిన్నె అంచే బంతిని అవసరానికి మించి కప్పేస్తుంది. ఇది 'పిన్సర్' రకం. ఇందులో లేబ్రమ్ పటకారులో పడినట్టు నలుగుతుంది. రెండూ కలిసి ఉండడమూ సాధారణమే.

ఈ ఒరిపిడి కాలక్రమంలో కీలు అరుగుదలకు దారితీయవచ్చని స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు చెందిన శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు 2003లో ప్రతిపాదించారు. అప్పటి నుంచి ఈ సమస్య ఎముకల వైద్యుల దృష్టిలో ప్రముఖంగా నిలిచింది.

ఆకారం వేరు, జబ్బు వేరు

తుంటి నొప్పి ఏమాత్రం లేనివారి స్కాన్లను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ 2015లో ఒకచోట చేర్చి చూశారు. వాటిలో దాదాపు 37 శాతం తుంటి కీళ్లలో కామ్ ఆకారం కనిపించింది. క్రీడాకారుల్లో ఇది ఇంకా ఎక్కువ. ఎదిగే వయసులో, తుంటి దగ్గరి ఎముక పెరుగుదల పూర్తికాక ముందు, ఫుట్‌బాల్ వంటి ఆటల తీవ్ర సాధన వల్ల ఎముక ఇలా మారుతుందని పరిశోధనలు సూచిస్తున్నాయి.

అందుకే 2016లో ఇంగ్లండ్‌లోని వార్విక్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు ఒక నిర్వచనానికి వచ్చారు. రోగికి బాధ ఉండాలి, వైద్యుడు కాలు కదిపి పరీక్షించినప్పుడు దానికి తగిన లక్షణాలు కనబడాలి, ఎక్స్‌రే లేదా స్కాన్‌లో ఆకారం తేడా ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే దాన్ని జబ్బుగా పరిగణించాలి. కామ్ ఆకారం ఉన్నవారికి కీలు అరుగుదల ముప్పు కొంత ఎక్కువే అయినా, నొప్పి లేనివారికి ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేయడానికి తగిన ఆధారాలు లేవు.

ఎముక మారకుండానే నొప్పి ఎలా తగ్గుతుంది?

వ్యాయామంతో ఎముక ఉబ్బు కరగదు. కానీ ఎముకలు ఎప్పుడు, ఎంత గట్టిగా తగులుతాయన్నది ఆకారం మీదే ఆధారపడదు. కటి భాగం ముందుకు వంగి ఉంటే గిన్నె అంచు కూడా ముందుకు వాలుతుంది. అప్పుడు కాలు కాస్త మడిచినా ఒరిపిడి మొదలవుతుంది. పొట్ట, పిరుదుల కండరాలు బలంగా ఉంటే కటి అదుపులో ఉంటుంది, తొడ లోపలికి వాలిపోదు. పైగా నొప్పి రేపే పనులు కొంతకాలం తగ్గిస్తే కీలులో రేగిన వాపు కూడా సర్దుకుంటుంది.

చికిత్స సాధారణంగా నాలుగు భాగాలుగా సాగుతుంది: ఫిజియోథెరపిస్ట్ పరీక్ష, సమస్యను రోగికి వివరించి చెప్పడం, అవసరమైతే కొద్దికాలం నొప్పి మందులు, క్రమంగా బరువు పెంచుతూ చేసే వ్యాయామం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలును నిటారుగా లేపడం, చేతుల ఆసరా లేకుండా ఎత్తైన కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం వంటివి తొలి మెట్లు. చేసేటప్పుడు స్వల్పంగా నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాటికి నొప్పి పెరిగితే మోతాదు తగ్గించాలి. ఫలితం తేలడానికి కనీసం 12 వారాలు ఓపిక పట్టాలి.

మన ఇళ్లలోని అలవాట్లనూ కొంతకాలం సర్దుకోవాలి. నేల మీద కాకుండా తుంటి మోకాళ్ల కన్నా కాస్త ఎత్తులో ఉండేలా కుర్చీలో కూర్చోవడం, గొంతుకూర్చునే పనులు, బస్కీలు తగ్గించడం, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం మేలు చేస్తాయి. కీలు బిగుసుకుందని మోకాలిని ఛాతీకేసి బలవంతంగా నొక్కడం మాత్రం తగదు. అది ఒరిపిడిని మరింత పెంచుతుంది.

ఆపరేషన్ మాటేమిటి?

ఆర్థ్రోస్కోపీ అంటే చిన్న రంధ్రాల ద్వారా ఉబ్బును చెక్కి, లేబ్రమ్‌ను సరిచేసే శస్త్రచికిత్స. బ్రిటన్‌లోని 23 ఆసుపత్రుల్లో 348 మందితో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2018లో 'లాన్సెట్' పత్రికలో వెలువడ్డాయి. అందులో సగం మందికి ఆపరేషన్, మిగతా సగానికి ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలో వ్యాయామం కేటాయించారు. ఏడాది తర్వాత రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి. తుంటి పనితీరును, జీవన నాణ్యతను కొలిచే 100 పాయింట్ల కొలమానంపై ఆపరేషన్ వర్గం సగటున 6.8 పాయింట్లు ముందుంది. తేడా నిజమే, కానీ పెద్దది కాదు. అందువల్ల చాలామందికి వ్యాయామంతో మొదలుపెట్టడం సమంజసం. శ్రద్ధగా కొన్ని నెలలు చేసినా ఉపశమనం లేనివారికి ఆపరేషన్ దారి తెరిచే ఉంటుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

గజ్జలో నొప్పి అంతా ఒరిపిడి కాదు. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవారిలో, మద్యం అతిగా తాగేవారిలో రక్తప్రసరణ తగ్గి తుంటి బంతి దెబ్బతినవచ్చు. క్షయ వ్యాధి కూడా తుంటి కీలుకు సోకుతుంది. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలు మీద బరువు మోపలేకపోవడం వంటివి ఉంటే ఇంట్లో వ్యాయామాలు మొదలుపెట్టకుండా వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

ఇవేవీ లేకుండా ఎక్స్‌రే రిపోర్టులో 'కామ్' అనో 'పిన్సర్' అనో రాసి ఉంటే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: నా నొప్పికి నిజంగా ఈ ఆకారమే కారణమా? మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చేసి చూడవచ్చా? చికిత్స ఏదో నిర్ణయించుకోవాల్సింది ఆ జవాబులు విన్నాకే.