చెరిపితే అరిగే పలక

బాలలూ! పెన్సిలుతో వేసిన లెక్క తప్పు పోతే మీరేం చేస్తారు? రబ్బరుతో చెరిపి, మళ్ళీ అక్కడే వేస్తారు. అదీ తప్పు పోతే మళ్ళీ చెరుపుతారు. నాలుగైదు సార్లు ఇట్లా చేసేసరికి అక్కడ కాగితం పలచబడిపోతుంది. ఆ తరవాత ఇంకొక్కసారి రుద్దారంటే చిల్లి పడుతుంది. చూడండి, కాగితానికి రాయటంవల్ల పెద్ద ముప్పు రాలేదు. చెరపటంవల్లనే వచ్చింది.

ఇటువంటి కాగితమే ఒకటి మీ ఇంట్లోనూ వుండవచ్చు. కొన్ని ఫోనులలోనూ, కెమేరాలలోనూ గోరంత నల్లని బిళ్ళ ఒకటి పెడతారు. దానిని మైక్రో ఎస్.డి. కార్డు అంటారు. దాని పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం ఒక్క మిల్లీమీటరు. వేలకొద్దీ ఫోటోలు అందులో ఇమిడిపోతాయి. కరెంటు తీసేసినా చెక్కు చెదరవు. ఇంత గొప్ప వస్తువు కూడా, చెరిపి రాస్తూ వుంటే, మీ నోటుపుస్తకంలాగే అరిగిపోతుంది. ఈ సంగతి మా వూరి హైస్కూలు పిల్లలకు కొంచెం కష్టంగానే తెలిసివచ్చింది.

ఈ పిల్లలు ఒక చిన్న కంప్యూటరు సంపాదించారు. ఇప్పుడు అరచేతిలో పట్టే కంప్యూటర్లు దొరుకుతున్నాయి. వీటిలో పేరు పడినది రాస్‌ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ అనే ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి, పిల్లలు తక్కువ ఖర్చుతో కంప్యూటరు విద్య నేర్చుకోవాలని దీనిని తయారు చేయించారు. 2012 ఫిబ్రవరి 29న అది అమ్మకానికి వచ్చింది. పేకముక్కంత పలక, దానిమీదనే సమస్త సరంజామా. మామూలు కంప్యూటరుకు వుండే పెద్ద డిస్కు మాత్రం దీనికి వుండదు. దాని బదులు ఎస్.డి. కార్డు దూర్చటానికి ఒక చీలిక వుంటుంది. కంప్యూటరు నిద్ర లేవటానికి కావలసిన పాఠమంతా ఆ కార్డులోనే వుండాలి. అది చేసిన పని రాసుకునేదీ అందులోనే.

మన పిల్లలు అటువంటి కంప్యూటరుకు ఒక ఉష్ణమాపకం తగిలించి, జూన్‌లో బడి తెరిచిన వారంలోనే వరండాలో బిగించారు. సెకను సెకనుకూ ఎండ ఎంత వున్నదీ అది రాసుకుంటుంది. తొలకరి వాన పడినప్పుడు వేడి ఎట్లా తగ్గిందో, శ్రావణంలో రాత్రులు ఎట్లా వున్నాయో అంతా అందులో జమ అవుతూ వచ్చింది. జిల్లా సైన్సు ప్రదర్శనలో ఆ లెక్కలన్నీ గీతలు గీసి చూపాలని వారి ఉద్దేశం.

దసరా సెలవుల తరవాత వచ్చి చూస్తే కంప్యూటరు పలకడం లేదు. కరెంటు వున్నట్టు చెప్పే ఎర్రదీపం వెలుగుతున్నది. కార్డును చదివేటప్పుడు మిణుకుమనవలసిన పచ్చదీపం మాత్రం వెలగటం లేదు. "మాస్టారూ, కంప్యూటరు పాడైపోయింది!" అంటూ పిల్లలు నా దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. వేరే కార్డు పెట్టి చూస్తే కంప్యూటరు చక్కగా పనిచేసింది. పోయింది కార్డు. దానితోపాటు నాలుగు నెలల లెక్కలూ పోయాయి. రెండో ప్రతి ఎక్కడా లేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె రోజూ ఉదయం పదిగంటలకు తెర చూసి తన నోటుపుస్తకంలో ఒక అంకె వేసుకుంటూ వచ్చింది గనుక, ఆ అంకెలు మాత్రం మిగిలాయి. అవైనా బడి వున్న రోజులవే.

కదిలే భాగం ఒక్కటీ లేని కార్డులో ఏమి అరిగింది? ఇది తెలియాలంటే కార్డు లోపలికి వెళ్ళి చూడాలి.

అందులో లెక్కలేనన్ని చిన్న చిన్న గదులుంటాయి. లెక్కలేనన్ని అన్నాను గాని, లెక్క వున్నది. 16 గిగాబైట్ల కార్డులో, గదికి మూడేసి బిట్ల చొప్పున దాచేటట్లయితే, నాలుగువేల కోట్లకు పైగా గదులు కావాలి! ఒక్కొక్క గదికి చుట్టూ గోడలే గాని, తలుపు లేదు. లోపల ఎలక్ట్రానులు వుంటే ఒక అర్థం, లేకపోతే మరొక అర్థం. తలుపు లేదు గనుకనే లోపలికి వెళ్ళిన ఎలక్ట్రానులు కరెంటు పోయినా ఏళ్ళ తరబడి బయటికి రావు. ఇటువంటి గది కట్టవచ్చునని 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపారు. తరవాత జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువొకా, ఒకేసారి బోలెడన్ని గదులను ఖాళీ చేసే ఉపాయం కనిపెట్టి 1984లో లోకానికి వెల్లడించాడు. ఈనాటి కార్డులలో వాడే నాండ్ అనే పద్ధతిని 1987లో చూపాడు. గదులన్నీ ఒక్క క్షణంలో ఖాళీ అయిపోవటం చూసి, ఆయన సహోద్యోగికి కెమేరా ఫ్లాష్ వెలుగు జ్ఞాపకం వచ్చిందట. అందుచేత దీనికి ఫ్లాష్ మెమరీ అనే పేరు వచ్చింది.

తలుపు లేని గదిలోకి ఎలక్ట్రానులు ఎట్లా పోతాయి, అని మీరు అడగాలి. అడగని పిల్లవాణ్ణి నేను క్లాసులో నిలబెట్టేవాణ్ణి. అవి గోడలోనుంచే పోతాయి! ఆ గోడ మందం మన తల వెంట్రుకలో పదివేలోవంతు కంటే ఎక్కువ వుండదు. గోడకు ఒకవైపున 20 వోల్టులకు దగ్గరగా ఒత్తిడి పెడితే, ఎలక్ట్రానులు గోడను పగలగొట్టకుండానే దానిగుండా అవతలికి తేలతాయి. మనకు విడ్డూరంగా వుంటుంది గాని, అంత చిన్న వస్తువులకు అది సహజమే. కార్డుకు బయటినుంచి అందేది 3.3 వోల్టులే. దాన్ని 20 దాకా పెంచుకునే ఏర్పాటు కార్డులోనే వున్నది.

గది నింపటానికీ, ఖాళీ చేయటానికీ కూడా ఇంత బలప్రయోగం కావాలి. అట్లా తోసినప్పుడల్లా గోడలో సన్నని లోపాలు ఏర్పడతాయి. కొన్ని ఎలక్ట్రానులు ఆ లోపాలలో చిక్కుకుని అక్కడే వుండిపోతాయి. కొన్నాళ్ళకు గది నిజంగా ఖాళీగా వున్నదో, గోడలో చిక్కిన ఎలక్ట్రానులవల్ల నిండినట్టు కనబడుతున్నదో తేలటం కష్టమవుతుంది. నిండిన గదిలోంచి ఎలక్ట్రానులు కారిపోవటమూ మొదలవుతుంది. అదీ అరుగుదల. రాసినదాన్ని చదివితే మాత్రం దాదాపు అరుగుదల లేదు.

ఒక గది ఎన్నిసార్లు చెరపటానికి ఓర్చుకుంటుంది? అది, మనం గదిలో ఎంత కుక్కుతామనే దానిమీద ఆధారపడుతుంది. ఒక గ్లాసులో నీళ్ళు వున్నాయా, లేవా అని చెప్పటం సులభం. అదే గ్లాసుకు ఎనిమిది గీతలు పెట్టి, ఏ గీత దాకా వున్నాయని అడిగితే, కాస్త నీరు కారినా జవాబు తప్పు అవుతుంది. గదికి ఒక్క బిట్టే దాచే ఖరీదైన రకం సుమారు లక్షసార్లు చెరిపినా ఆగుతుంది. మూడు బిట్లు దాచటానికి ఎనిమిది గీతలు కావాలి. ఆ రకం సుమారు వెయ్యిసార్లకే అలిసిపోతుంది. అంగట్లో చవకగా దొరికేవి ఇటువంటివే. నాలుగు బిట్లు దాచే రకమూ వున్నది, అది మరీ సుకుమారం.

వెయ్యిసార్లు తక్కువేమీ కాదు గదా, నాలుగు నెలలకే ఎందుకు పోయింది? ఇక్కడ రెండో చిక్కు వున్నది. ఈ పలకమీద ఒక్క అక్షరం చెరపటానికి వీలు లేదు. రాయటం పుటల లెక్కన, చెరపటం దస్తాల లెక్కన. పుట ఎంత, దస్తా ఎంత అన్నది కార్డు రకాన్నిబట్టి మారుతుంది. మన లెక్కకు పుట 16 కిలోబైట్లనీ, 256 పుటలు ఒక దస్తా అనీ అనుకుందాం. అంటే దస్తా 4 మెగాబైట్లు. ఒక పుటలో ఒక అంకె మార్చాలంటే, మార్చిన పుటను వేరే ఖాళీ చోట రాసి, పాతదాన్ని కొట్టివెయ్యాలి. ఖాళీ చోటు లేకపోతే దస్తాలో పనికివచ్చే పుటలన్నీ ఇంకొకచోటికి ఎత్తి రాసి, దస్తా మొత్తం తుడవాలి. ఈ చాకిరీ చేయటానికి కార్డులోనే ఒక బుల్లి గుమాస్తా వున్నాడు. అదీ ఒక చిన్న కంప్యూటరే. ఏ పుట ఎక్కడ వున్నదో అతని ఖాతాలో వుంటుంది. మంచి గుమాస్తా ఒకే దస్తాను పదేపదే తుడవకుండా, అన్నింటికీ వంతు వేసి సమానంగా అరగనిస్తాడు. చవక కార్డులలో గుమాస్తాకు అంత తెలివి వుండదు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్కల మాస్టరును గనుక లెక్క వెయ్యకుండా వదలను. రోజుకు 86,400 సెకనులు. సెకనుకు ఒక వరుస, వరుసకు 30 బైట్లు. మొత్తం సుమారు 2.6 మెగాబైట్లు, అంటే ఒక్క ఫోటో అంత. కాని మన పిల్లలు, ప్రతి వరుసా అప్పటికప్పుడే కార్డులో పడితీరాలని ప్రోగ్రాము రాశారు. 30 బైట్లకోసం కనీసం ఒక పుట ఖర్చు. 86,400 పుటలంటే దాదాపు 1.4 గిగాబైట్లు! ఇది గుమాస్తా బహు సమర్థుడైతే. వాడు చేతగానివాడై ప్రతిసారీ దస్తా అంతా తిరగరాస్తే, రోజుకు దాదాపు 346 గిగాబైట్లు. 16 గిగాబైట్ల కార్డు, వెయ్యిసార్లు, అంటే మొత్తం ఆయుర్దాయం 16,000 గిగాబైట్లు. 1.4 చేత భాగించండి: 31 ఏళ్ళు. 346 చేత భాగించండి: 46 రోజులు. మన కార్డు నాలుగు నెలలు బతికింది. గుమాస్తా ఎటువంటివాడో మీరే చెప్పగలరు.

ఈ చిక్కు పిల్లల ఆటవస్తువులకే అనుకోకండి. అమెరికాలో టెస్లా కంపెనీ 2021లో సుమారు 1,35,000 కార్లను మరమ్మతుకు వెనక్కు పిలిపించవలసి వచ్చింది. ఆ కార్లలోని 8 గిగాబైట్ల ఫ్లాష్ చిప్పు సుమారు 3,000 సార్లు చెరిపి రాయటానికి ఓర్చుకునే రకం. కారు దానిమీద ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూ వుండటంవల్ల ఐదారేళ్ళకు చిప్పు అరిగి, తెర చీకటి అయిపోయేది. కారు వెనక్కు నడిపేటప్పుడు కనబడవలసిన కెమేరా బొమ్మ కనబడేది కాదు. అందుచేతనే ప్రభుత్వం జోక్యం చేసుకున్నది.

కార్డు పోవటానికి అరుగుదల ఒక్కటే కారణం కాదు. గుమాస్తా తన ఖాతా దిద్దుకుంటున్న క్షణంలో కరెంటు పోతే, ఖాతా సగంలో ఆగిపోతుంది. గదులన్నీ బాగానే వున్నా, ఏది ఎక్కడ వున్నదో చెప్పేవాడు వుండడు. అందుచేత చిన్న కంప్యూటరును ఆపమని చెప్పి, అది ఆగిన తరవాతనే తీగ పీకాలి. బలం చాలని పాత ఫోను ఛార్జరు తగిలించినా ఇదే అవస్థ. పెద్దలకు ఒక మాట: పెద్ద కంపెనీ పేరు అచ్చువేసిన దొంగ కార్డులు అంగట్లో చాలా వున్నాయి. సగం ధరకు వస్తున్నదంటే అనుమానించండి. వీధి కెమేరాలకోసం ఎక్కువ రాతకు ఆగేటట్టు చేసిన కార్డులు వేరే దొరుకుతాయి. ఎక్కువ చోటు వున్న కార్డు కొన్నా, అరుగుదల ఎక్కువ గదులకు పంచబడి అంతమేరకు ఆయుస్సు పెరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యం రెండో ప్రతి. వారానికొకసారి లెక్కలను వేరే చోటికి ఎత్తి రాసుకుంటే కార్డు పోయినా ఖరీదు మాత్రమే పోతుంది.

మన పిల్లలు ఈ లెక్కంతా వేశాక ప్రోగ్రాము మార్చటానికి కూర్చున్నారు. కంప్యూటరులో కార్డు కాక వేరే మెమరీ వున్నది. దానికి అరుగుదల లేదు, కాని కరెంటు పోతే అంతా మరిచిపోతుంది. వరుసలన్నీ ముందు అందులో పోగుచేసి, పది నిమిషాలకొకసారి కార్డుకు ఎక్కించుదామని ఒక అబ్బాయి అన్నాడు. అప్పుడు రోజుకు 144 రాతలే, 600 వంతులు తగ్గుతుంది. నోటుపుస్తకం అమ్మాయి ఒప్పుకోలేదు. "ఉరుముల వాన వచ్చినప్పుడే వేడి గబగబా తగ్గేది. కరెంటు పోయేదీ అప్పుడే. మనకు కావలసిన పది నిమిషాలే పోతాయి," అన్నది. ఆ మాట నాకు తోచలేదు సుమా!

చాలాసేపు వాదించుకుని, చివరకు రెండు నిమిషాలకు ఒప్పుకున్నారు. రోజుకు 720 రాతలు. గుమాస్తా ఎంత చేతగానివాడైనా, లెక్క ప్రకారం 15 ఏళ్ళు రావాలి. కొత్త కార్డు పెట్టిన తేదీ కాగితంమీద రాసి డబ్బాకు అంటించారు. శనివారం శనివారం లెక్కలు ఎత్తి రాసే పని వంతులవారీగా పంచుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం రోజూ పదిగంటలకు నోటుపుస్తకంలో అంకె వేసుకోవటం మానలేదు.