ఇద్దరు మస్తాన్‌వలీలు, ఒకటే ఖాతా: ప్రోగ్రామ్ రాసే పిల్లలకు నాలుగు మెలకువలు

అద్దంకి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బీటెక్, ఎంసీఏ చదివే మన పిల్లలను క్లాస్, ఆబ్జెక్ట్ అంటే ఏంటని అడగండి, టకటకా చెప్పేస్తారు. అదే మిర్చి కొట్టుకు లెక్కల ప్రోగ్రామ్ రాయమంటే తడబడతారు. ఇంటర్వ్యూల్లోనూ ఇబ్బంది ఇక్కడే. జావా ఉదాహరణగా నాలుగు పనులు చూద్దాం.

ముందుగా ఒక మాట. రైతు ఖాతాలో ఏమేం ఉండాలో చెప్పే నమూనా క్లాస్. ఆ నమూనాతో తయారైన ఒక్కొక్కరి ఖాతా ఆబ్జెక్ట్.

1. పేరుతో పోల్చొద్దు
మన వైపు ఒకే ఊళ్లో ఇద్దరు ముగ్గురు షేక్ మస్తాన్‌వలీలు ఉండటం మామూలే. పైగా ‘షేక్’ ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. పేరు చూసి పోల్చే ప్రోగ్రామ్ ఇద్దరి టిక్కీల డబ్బును ఒకే ఖాతాలో కలిపేస్తుంది. లేదంటే ఒకే మనిషిని ఇద్దరిగా చూపిస్తుంది. అందుకే ప్రతి ఖాతాకూ మారని నంబరు ఇచ్చి, ఈక్వల్స్ మెథడ్‌లో దాన్నే పోల్చండి. హ్యాష్‌కోడ్ మెథడ్ కూడా ఆ నంబరుతోనే రాయాలి. అది మరిచిపోతే హ్యాష్‌మ్యాప్‌లో పెట్టిన ఖాతా వెతికినప్పుడు దొరక్కపోవచ్చు.

2. డబ్బుకు డబుల్ వాడొద్దు
డబుల్ రకంలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ బైనరీలో 0.1ని కచ్చితంగా రాసుకోలేదు. మొత్తాన్ని పైసల్లోకి మార్చి లాంగ్ రకంలో దాచండి. బిగ్‌డెసిమల్ వాడితే అంకెను స్ట్రింగ్‌గా ఇవ్వండి. డబుల్‌గా ఇస్తే ఆ తప్పు అందులోకీ వచ్చేస్తుంది.

3. బాకీని ప్రైవేట్‌గా ఉంచండి
బాకీ అంకెను ప్రోగ్రామ్‌లో ఎక్కడినుంచైనా మార్చే వీలుంటే, తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టలేం. జమ, చెల్లింపు అని రెండు మెథడ్లు పెట్టి, వాటి ద్వారానే మార్చనివ్వండి. సున్నా కానీ మైనస్ మొత్తం కానీ వస్తే అక్కడే ఎక్సెప్షన్‌తో ఆపేయండి.

4. జకాత్ తేదీకి 365 కలపొద్దు
చాంద్రమాన సంవత్సరానికి 354 లేదా 355 రోజులే. ఏటా 365 కలుపుకుంటూ పోతే జకాత్ ఏడాదికి సుమారు 11 రోజులు వెనకబడుతుంది. 33 ఏళ్లలో దాదాపు ఒక ఏడాది జకాతే తప్పిపోతుంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి హిజ్రాడేట్ అనే క్లాస్ ఉంది. దాని ప్లస్ మెథడ్‌తో ఒక హిజ్రీ సంవత్సరం కలపండి. అది సౌదీ ఉమ్ముల్ ఖురా క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. మన దగ్గర చంద్రదర్శనం ఒక రోజు అటూఇటూ కావచ్చు కాబట్టి తేదీ సరిచేసుకునే వీలు ఉంచండి. నిసాబ్ కోసం వెండి ధరను కోడ్‌లో రాసేయకండి, రోజూ మారేది కాబట్టి బయటి నుంచి తీసుకోండి.

రాశాక ఒకే పేరుతో రెండు ఖాతాలు తెరిచి, ఒకదాంట్లోనే డబ్బు జమచేసి చూడండి. రెండోది కదలకుండా ఉంటే మొదటి మెలకువ పట్టుబడినట్టే. ఎవరి లెక్క రాసినా అది మన చేతిలో అమానత్. కాగితం మీదైనా, కంప్యూటర్లోనైనా!