అండమాన్‌లో అద్దె బండి: తిరుగు ప్రయాణం చూసి ఎంచుకోవాలి

శ్రీకాకుళం: ఉత్తరాంధ్ర ప్రజలకు అండమాన్ పరాయి నేల కాదు. ఈ తీరం నుంచి మత్స్యకారులు, కూలీలు తరాల క్రితమే అక్కడికి వలస వెళ్లి స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బంధువుల ఇళ్లకు వెళ్లేవారితో పాటు కొత్త జంటలు, సెలవుల్లో పిల్లలతో వెళ్లే ఉద్యోగులు ఇప్పుడు పగడపు దిబ్బలను చూసేందుకు సముద్రంలోకీ దిగుతున్నారు. టిక్కెట్లు, బస గురించి నెలల ముందే ఆరా తీసేవారు, దీవిలో తిరిగే బండి విషయానికి వచ్చేసరికి జెట్టీ బయట మొదట ఎదురైన వ్యక్తితోనే బేరం కుదుర్చుకుంటున్నారు. రోజు అద్దె ఎంత అన్నది తప్ప వేరే ప్రశ్న వేయడం లేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఉదయం ఉత్సాహంగా బయలుదేరేటప్పుడు ఏ బండైనా బాగానే ఉంటుంది. తడి బట్టలతో, అలసిన ఒంటితో, చీకటి పడే వేళ తిరిగి వచ్చేటప్పుడు ఏది క్షేమమో చూసి ఎంచుకోవాలి.

దీవిని బట్టి అవసరం

2018 డిసెంబరులో హేవ్‌లాక్ పేరును స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ పేరును షహీద్ ద్వీప్‌గా మార్చారు. డైవింగ్‌కు వెళ్లేవారిలో అధికులు చేరేది స్వరాజ్ ద్వీప్‌కే. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ సుమారు 12 కిలోమీటర్లు. కాలాపత్తర్ బీచ్ మరో దిక్కున ఉంది. ఈ రెంటినీ తీరిగ్గా చూడాలంటే స్కూటరు అనువైనది. షహీద్ ద్వీప్ ఇంకా చిన్నది. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ తీరాలు దగ్గర దగ్గరగానే ఉంటాయి. అలవాటున్నవారికి సైకిలు కూడా సరిపోతుంది.

అయితే స్నార్కెలింగ్‌కు పేరున్న ఎలిఫెంట్ బీచ్‌కు ఏ బండీ నేరుగా వెళ్లదు. జెట్టీ నుంచి పడవలో వెళ్లాలి, లేదా రాధానగర్ రోడ్డులో దిగి అడవి దారిన నడవాలి. వాన పడితే ఆ దారి బురదమయం. పిల్లలు, వృద్ధులు ఉంటే పడవే మేలు. ఆ రోజుకు బండి అద్దెకు తీసుకుంటే అది పొద్దంతా జెట్టీ వద్ద ఎండలో నిలబడి ఉండటానికే డబ్బు చెల్లించినట్లవుతుంది. డైవింగ్ కూడా చాలాచోట్ల పడవ మీదే సాగుతుంది. నిర్వాహకులు బస నుంచి తీసుకెళ్లి దించుతారా అన్నది ముందే అడిగితే ఒక రోజు అద్దె మిగులుతుంది.

శ్రీ విజయపురం నుంచి వండూరు సుమారు 30 కిలోమీటర్లు. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 నుంచి ఇదే పేరు. మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోని జాలీబాయ్ దీవికి పడవలు బయలుదేరేది వండూరు నుంచే. అనుమతి పత్రం ఉండాలి. తాగి పారేసే ప్లాస్టిక్ సీసాలను అనుమతించరు. ఉదయాన్నే చేరాల్సి ఉన్నందున కుటుంబంతో వెళ్లేవారికి డ్రైవరుతో కూడిన కారే నయం. ఒక దీవిలో తీసుకున్న బండి మరో దీవికి పనికిరాదు. ప్రయాణికుల స్పీడు నౌకల్లో వాహనాలు ఎక్కించరు. అందువల్ల రోజుల లెక్క దీవివారీగా వేసుకోవాలి.

నీటిలోంచి వచ్చాక

గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వెచ్చని సముద్రమే అయినా ముప్పావు గంట నీటిలో ఉండి వచ్చినవారికి వణుకు, బడలిక సహజం. ఉప్పునీటికి కళ్లు మండుతాయి. వేళ్లు నానిపోయి బ్రేకు మీద పట్టు సడలుతుంది. పడవలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రల్లో కొన్ని నిద్రమత్తు కలిగిస్తాయి. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. మాత్ర వేసుకున్న రోజు స్కూటరు జోలికి పోకపోవడమే శ్రేయస్కరం. స్కూబా డైవింగ్ అనంతరం కీళ్ల నొప్పి, తిమ్మిరి, తల తిరగడం, అంతుపట్టని నీరసం కనిపిస్తే అది ఒత్తిడి మార్పు వల్ల తలెత్తే జబ్బు కావచ్చు. ఆ స్థితిలో బండి నడపరాదు. వెంటనే డైవింగ్ నిర్వాహకులకు తెలిపి వైద్యుడిని చేరాలి.

చీకటి మరో సమస్య. దేశమంతటికీ గడియారం ఒక్కటే. ఆ సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు సమీపంగా వెళుతుంది. స్వరాజ్ ద్వీప్ సుమారు 93 డిగ్రీల వద్ద ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ఆ రేఖ కంటే అక్కడ పొద్దు 42 నిమిషాలు ముందుంటుంది. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం. ఇంటి దగ్గర ఆరున్నరకు బజారుకు వెళ్లే అలవాటున్నవారికి ఇది వింతే. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూసినవారంతా ఒకేసారి చెట్ల మధ్య రోడ్డెక్కుతారు. అందుకే బండి తీసుకునేటప్పుడు హెడ్‌లైటు వెలిగించి చూడాలి. ఉప్పుగాలికి బ్రేకు తీగలు, డిస్కులు త్వరగా తుప్పు పడతాయి. నాలుగడుగులు నడిపి రెండు బ్రేకులూ పరీక్షించాలి. టైర్లు అరిగిపోయి ఉంటే వేరే బండి అడగాలి. రెండు రుతుపవనాలూ తాకే ఈ దీవుల్లో వాన ఎప్పుడు కురుస్తుందో చెప్పలేము.

గేర్లు లేని స్కూటరులో కాళ్ల దగ్గర తడి సంచి పెట్టుకునే వీలుంటుంది. మోటారుసైకిలుకు ఆ సదుపాయం లేదు. సీటు కింద ముఖానికి పెట్టుకునే మాస్కు పడుతుంది గాని, ఈతకు వాడే పొడవాటి ఫిన్లు పట్టవు. వాటిని హ్యాండిలుకు వేలాడదీయడం ప్రమాదకరం. బండి తాళాన్ని జేబులో వేసుకుని నీళ్లలోకి దిగితే అది సముద్రం పాలే. ఒడ్డున విశ్వసనీయ వ్యక్తికి అప్పగించాలి. దంపతులు, ఇద్దరు పిల్లలు ఒకే స్కూటరుపై సర్దుకోవడం మన ఊళ్లలో సాధారణ దృశ్యం. అక్కడ మలుపులు, ఎత్తుపల్లాలున్న కొత్త దారిలో అలా వెళితే నేరమే కాదు, ప్రాణాపాయం కూడా. ఇలాంటి కుటుంబానికి టాక్సీ అద్దె భారమనిపించినా అదే సరైనది.

నంబరు పలక చూడండి

చట్టబద్ధంగా అద్దెకు ఇచ్చే పెట్రోలు బండికి నల్ల పలకపై పసుపు అక్షరాలు ఉంటాయి. టాక్సీకి పసుపు పలకపై నల్ల అక్షరాలు. తెల్ల పలక ఉంటే అది సొంత వాడకపు బండి. దానిని అద్దెకు తీసుకుని ప్రమాదానికి గురైతే బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. కొన్ని వందలు తగ్గుతాయని ఆశపడితే ఆసుపత్రి ఖర్చు, బండి యజమాని నష్టం నెత్తిన పడవచ్చు. గేర్లు లేని వాహనానికే లైసెన్సు ఉన్నవారు గేర్ల బండి నడపరాదు. 2019 సవరణ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నడిపితే రూ.5 వేల జరిమానా. అసలు లైసెన్సును హామీగా యజమానికి ఇచ్చేస్తే తనిఖీలో చూపేందుకు ఏమీ మిగలదు. నకలు ఇవ్వడం ఉత్తమం. హెల్మెట్ వెనుక కూర్చున్నవారికీ తప్పనిసరి. బండిపై ఉన్న గీతలను యజమాని ఎదుటే ఫోనులో చిత్రీకరిస్తే అప్పగించేటప్పుడు వాదన ఉండదు.

సొంతంగా బండి చేతిలో ఉంటే నిర్జన తీరం ఎక్కడ కనిపించినా ఆగి ఈదాలనిపిస్తుంది. 2010 ఏప్రిల్‌లో రాధానగర్ సమీపంలో స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికా యువతి ఉప్పునీటి మొసలి దాడిలో మరణించింది. హెచ్చరిక బోర్డులున్న చోట, మడ అడవుల పక్కన, కాపలా సిబ్బంది లేని చోట నీళ్లలోకి దిగరాదు. రోడ్డు వేసి ఉన్నంత మాత్రాన ఆ తీరం ఈతకు తగినదని భావించకూడదు.

బండి ఎన్ని రోజులకు తీసుకోవాలన్నది విమాన ప్రయాణంతోనూ ముడిపడి ఉంది. ఒక్కసారి స్కూబా డైవింగ్ చేస్తే కనీసం 12 గంటలు, పలుమార్లు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదని డైవింగ్ భద్రతా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. కాబట్టి డైవింగ్ మొదటి రోజుల్లో ముగించి ఆ రోజులకు నిర్వాహకుల వాహనాన్నో, ఆటోనో వాడుకోవచ్చు. స్కూటరును చివరి రోజుకు ఉంచుకుంటే పొడి బట్టలతో దీవి అంతా చుట్టి రావచ్చు. ఆ రోజైనా నౌక వేళకు గంటన్నర ముందే బండి అప్పగించి, హామీ సొమ్ము చేతికి వచ్చాకే జెట్టీకి బయలుదేరాలి.