ప్రాణవాయువు విడిచిపోవు జాడలు

చాలనాళ్లు నిలువయున్న నేతికి వికారమగు వాసన పుట్టుట మనమెల్లర మెరిగినదే. గాలిలోని ప్రాణవాయువు నేతిలోని క్రొవ్వుతో గలసి దానిని చెరచుటయే యిందులకు ముఖ్యకారణము. ఇట్టి కార్యమే మన దేహమునందును అనుక్షణము జరుగుచున్నది. ఆహారమునుండి శక్తి పుట్టునపుడు, పీల్చిన ప్రాణవాయువులో నల్పభాగము మిక్కిలి చురుకైన రూపములు దాల్చి, దాపుననున్న క్రొవ్వును, మాంసకృత్తులను, డి.ఎన్.ఏ.ను గూడ తాకి చెరచును. వీనిని అణచు సాధనములు దేహమున గలవు. ఆ సాధనములకు లొంగక ఇవి పెచ్చుపెరిగిన స్థితికి ‘ఆక్సీకరణపు ఒత్తిడి’ యని పేరు. ఈ భావమును 1985లో హెల్ముట్ సీస్ అను జర్మను జీవరసాయనికుడు నిర్వచించెను.

ఆ చురుకైన పదార్థములు పుట్టిన క్షణముననే నశించును గనుక వానిని పట్టి కొలుచుట దుర్లభము. అయితే దొంగ పోయినను అడుగుజాడ మిగిలినట్లు, చెడిన క్రొవ్వు తునకలు రక్తమునందును మూత్రమునందును మిగులును. ఇట్టి జాడలనే జీవసూచికలందురు. పూర్వము ప్రబలిన పరీక్ష యొకటి వింతయైనది: ఆహారపు క్రొవ్వులు చెడినవో లేవో తెలిసికొనుటకు వాడెడి థయోబార్బిట్యూరిక్ ఆమ్లమునే రక్తమునకు గూడ వాడిరి. చెడిన క్రొవ్వున్నచో గులాబిరంగు కనబడును. కాని రక్తములోని యితర పదార్థములును ఆ రంగు పుట్టింపగలవు. కావున ఈ సాక్షిని పూర్తిగా నమ్మరాదు. 1990లో అమెరికాలోని వాండర్బిల్ట్ విశ్వవిద్యాలయమున మారో, రాబర్ట్సు అనువారు తమ సహచరులతో గూడి, దేహమునందు ఐసోప్రోస్టేనులు పుట్టుచున్నట్లు కనుగొనిరి. ఇవి నిక్కమైన సాక్షులు. పొగత్రాగువారి రక్తమున ఇవి హెచ్చుగా నుండుననియు, రెండు వారములు పొగ మానినచో చాల తగ్గుననియు 1995లో వెల్లడియైనది.

ఇంతవరకు బాగే. కాని సూచికను దిద్దినంతమాత్రమున రోగము తొలగునా? ఆక్సీకరణమును అడ్డునను మాత్రలు కొనుచున్న తలిదండ్రులు ఫిన్లండు దేశపు వృత్తాంతమును తెలిసికొనవలయును. క్యారట్టునకు రంగునిచ్చు బీటా కెరొటీను రక్తమున హెచ్చుగా గలవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా వచ్చుట యెరిగి, పొగత్రాగు 29,133 మంది పురుషులను నాలుగు తెగలుగా విభజించి, రెండు తెగలకు 5 మొదలు 8 సంవత్సరముల వరకు ఆ పదార్థమును మాత్రలుగా నిచ్చిరి. 1994లో ఫలితము వెలువడెను: కెరొటీను తిన్నవారిలో ఆ క్యాన్సరు తగ్గుటకు మారుగా నూటికి 18 వంతులు హెచ్చెను! రక్తములోని కెరొటీను కూరగాయలు తినువాని అలవాట్లకు గురుతే గాని, వానిని కాపాడినది అదియే యని రుజువు కాలేదు. అదియునుగాక, మన తెల్లకణములు క్రిములను చంపుటకు ఆ చురుకైన పదార్థములనే ఆయుధములుగా వాడుచున్నవి. వాని నన్నిటిని శత్రువులని యెంచుటయు పొరపాటే.

అమెరికాలో ఇట్టిదే మరియొక పరీక్షను, మేలు కానరాక హాని కనబడుటచే, 1996 జనవరిలో నియమితకాలమునకు 21 నెలల ముందుగనే నిలిపివేసిరి.