కాపలావాడు దారి మూస్తే...

పిల్లలూ! దొంగల భయంతో ఇంటికి ఒక కాపలావాణ్ణి పెట్టుకున్నాం అనుకోండి. ఒకనాడు అతడు పోస్టుమాన్‌ను కూడా గేటు దగ్గరే ఆపేశాడు. ఉత్తరాలు రావడం మానేశాయి. తప్పు ఎవరిది? పోస్టాఫీసుదా? కాపలావాడిదా? లేక అతనికి ఆజ్ఞ ఇచ్చిన మనదా? సరిగా ఇలాంటి చిక్కే మా పాఠశాలలో ఒక లాప్‌టాప్‌కు వచ్చింది.

ఆ రోజు పదో తరగతి అమ్మాయి ఒకామె స్కాలర్‌షిప్ దరఖాస్తు పంపాలి. సాయంత్రం 5 గంటలతో గడువు సరి. ఆమె సర్టిఫికెట్ల నకళ్ళన్నీ ప్రయోగశాల లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. తెర మూలన వైఫై గుర్తు నిండుగా కనబడుతున్నది. కాని ఒక్క పేజీ తెరుచుకోదు! అప్పటికే మూడున్నర అయింది.

"రౌటరు పాడైంది మాస్టారూ!" అన్నాడొకడు. "యాంటీవైరస్ తీసి పారేద్దాం మాస్టారూ!" అన్నాడు మరొకడు. ఇద్దరూ ఊహించారే గాని, పరీక్షించలేదు. ఊహించడం తప్పు కాదు. కాని ఊహను పరీక్షతో తేల్చుకోవాలి.

గుర్తు నిండుగా ఉంటే చాలదా?

వైఫై రేడియో తరంగాలతో పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. తెర మీది గుర్తు లాప్‌టాప్‌కూ రౌటరుకూ మధ్య ఈ రేడియో బంధం బాగుందని మాత్రమే చెబుతుంది. రోడ్డు బాగుంటే బస్సు వచ్చినట్టేనా?

రేడియో బంధం కుదిరాక ఇంకా రెండు పనులు జరగాలి. మొదటిది, రౌటరు మన లాప్‌టాప్‌కు ఒక అంకెల చిరునామా ఇవ్వాలి. దీన్నే ఐపీ అడ్రసు అంటారు. రెండవది, మనం టైపు చేసిన వెబ్‌సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చుకోవాలి. పేరు చూసి ఫోను నంబరు వెతుక్కోవడం వంటిదే ఇది. ఆ తరువాతే సమాచారం 'పాకెట్లు' అనే చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది.

ఈ పొట్లాలు లాప్‌టాప్ గడప దాటేచోట ఫైర్‌వాల్ కూర్చుని ఉంటుంది. భవనాలలో ఒక గది మంటలు మరో గదికి పాకకుండా కట్టే గోడ పేరే దీనికి పెట్టారు. ఏ ప్రోగ్రాము పంపింది, ఎక్కడికి పంపింది అని చూసి, తన జాబితా ప్రకారం వదులుతుంది లేదా ఆపుతుంది.

ఈ కాపలా ఊరికే పుట్టలేదు. 1988 నవంబరు 2న అమెరికాలో ఒక విద్యార్థి వదిలిన 'పురుగు' ప్రోగ్రాము వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అటువంటి దెబ్బలు తిన్న తరువాత కాపలా విలువ లోకానికి తెలిసింది. విండోస్ ఎక్స్‌పీలో 2001లోనే ఫైర్‌వాల్ ఉన్నా, అది దానంతటదే పనిచేసేలా చేసింది 2004లో.

మేము చేసిన పరీక్షలు

మొదటి పరీక్ష: అదే వైఫైకి నా ఫోను కలిపాను. పేజీ తెరుచుకుంది. కనుక రౌటరు నిర్దోషి.

రెండవ పరీక్ష: లాప్‌టాప్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలిపాను. పేజీ రాలేదు. కనుక లోపం లాప్‌టాప్‌లోనే ఉంది.

మూడవ పరీక్ష: కమాండ్ విండోలో 'ఐపీకాన్ఫిగ్' అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేశాం. చిరునామా 169.254తో మొదలైంది. ఇదే అసలు ఆధారం! రౌటరు నుంచి చిరునామా అందనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే తాత్కాలిక చిరునామా అది.

నాల్గవ పరీక్ష: ఇతర ప్రోగ్రాములన్నీ మూసి, భద్రతా సాఫ్ట్‌వేర్‌లోని ఫైర్‌వాల్‌ను 10 నిమిషాలు ఆపి, వైఫైని తిరిగి కలిపాం. ఈసారి 192.168తో మొదలయ్యే చిరునామా వచ్చింది. దారి మూసింది కాపలావాడేనని రుజువైంది.

"ఇలాగే పంపేద్దాం మాస్టారూ!" అన్నారు పిల్లలు. నేను ఒప్పుకోలేదు. దరఖాస్తులో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లున్నాయి. కాపలా తీసేసి వాటిని పంపడం సరికాదు. ఫైర్‌వాల్‌ను మళ్ళీ పనిలో పెట్టి, దాని జాబితా తెరిచాం. అందులో 'సర్వీస్ హోస్ట్' అనే పేరు ఎదుట 'అడ్డుకో' అని ఉంది. విండోస్‌లో చిరునామా అడిగి తెచ్చే పని ఈ ప్రోగ్రాము ద్వారానే జరుగుతుంది.

దాన్ని అడ్డుకున్నదెవరు? తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు మెల్లగా ముందుకు వచ్చాడు. "నిన్న హెచ్చరిక వచ్చింది మాస్టారూ. తెలియని దాన్ని అనుమతించవద్దని మీరే చెప్పారు గదా!" అన్నాడు. నిజమే. నా పాఠమే సగంలో ఆగిపోయింది. తెలియని దాన్ని అనుమతించరాదు. అలాగని విచారించకుండా శాశ్వతంగా అడ్డుకోనూరాదు.

అందుకే ఈసారి విచారించాం. దుష్ట ప్రోగ్రాములు మంచి పేర్లు పెట్టుకుని రావచ్చు. ఈ ఫైలు విండోస్ వారి 'సిస్టమ్32' ఫోల్డరులోనే ఉందని, దాని మీద మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉందని చూశాకనే 'అనుమతించు' అని మార్చాం. నాలుగు గంటల ఇరవై నిమిషాలకు దరఖాస్తు వెళ్ళింది. ఆ అమ్మాయి ముఖం వెలిగింది!

ఇంకా కొన్ని కారణాలు

ఒకే లాప్‌టాప్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకదాని పనికి మరొకటి అడ్డు తగలవచ్చు. ఒకటే ఉంచుకోవాలి. పాతదాన్ని సరిగా తొలగించకపోతే దాని భాగాలు దారిలో మిగిలిపోతాయి. తయారీదారులే ఇచ్చే తొలగింపు సాధనం వాడి, లాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ వేయాలి. అప్పటికీ కుదరకపోతే విండోస్ సెట్టింగులలో 'నెట్‌వర్క్ రీసెట్' ఉంది. కాని అది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లను చెరిపేస్తుంది. వాటిని ముందే రాసి పెట్టుకోండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే లాప్‌టాప్ బాగుపడవచ్చు గాని, ఎందుకు బాగుపడిందో తెలియదు. లోలకం ప్రయోగంలో పొడవునూ బరువునూ ఒకేసారి మార్చం గదా! ఇదీ అంతే.

మీరూ చేసి చూడండి

పెద్దల అనుమతితో 'ఐపీకాన్ఫిగ్' పరీక్ష చేసి, వచ్చిన చిరునామాను నోటు పుస్తకంలో రాసుకోండి. తరువాత అదే లాప్‌టాప్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి మళ్ళీ చూడండి. చిరునామా మారిందా? ఎందుకు మారిందో మీ మాటల్లో రాయండి.