పాస్‌పోర్టు మారింది, మరి ముద్ర?

రాయచోటి నుంచి రియాద్ వెళ్లి పన్నెండేళ్లుగా బండి నడుపుతున్న మా మేనల్లుడొకడు తన పాస్‌పోర్టు గడువు తీరబోతోందని ముందుగానే గమనించాడు. అక్కడి భారత రాయబార కార్యాలయానికి దరఖాస్తు పెట్టి కొత్తది తీసుకున్నాడు. పాతదాని మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చారు. రెండింటినీ పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాడు.

ఏడు నెలల తర్వాత ఇంటి నుంచి ఫోను. అమ్మీకి బాగాలేదు, వెంటనే బయలుదేరమన్నారు. టికెట్టుకు డబ్బుంది. కంపెనీ సెలవూ ఇచ్చింది. కానీ వెళ్లి తిరిగి రావడానికి కావలసిన 'ఖురూజ్-అవ్‌దా' వీసా రాలేదు. సౌదీ ప్రభుత్వపు లెక్కల్లో అతని పాస్‌పోర్టు ఇంకా పాతదే. దాని గడువేమో తీరిపోయింది. కొత్త నంబరు ఎక్కించవలసిన మందూబ్ సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చి ఎక్కించేసరికి నాలుగు రోజులు పట్టింది. కూర్చుంటే కొద్ది నిమిషాల పని. మావాడు ఇల్లు చేరింది ఖననమైన మర్నాడు.

ఆ కొద్ది నిమిషాల పనినే సౌదీలో 'నఖల్ మాలూమాత్' అంటారు. పాత పాస్‌పోర్టు వివరాలను కొత్తదానికి మార్చడమని అర్థం. గల్ఫ్‌లో ఉంటున్న మనవారిలో ఈ మాట వినని వారు తక్కువే. అయినా కొత్త పుస్తకం చేతికి రాగానే అన్నీ వాటంతట అవే మారిపోతాయని నమ్మేవారు చాలామంది ఉన్నారు. పాస్‌పోర్టు ఇచ్చేది మన ప్రభుత్వం. ఇఖామా ఇచ్చేది వారి ప్రభుత్వం. ఇక్కడ మారిన నంబరును అక్కడ ఎవరో ఒకరు చెప్పి రాయించాలి కదా!

వెనుకటి తరం వారికి ఇది కంటికి కనిపించే వ్యవహారం. ఇఖామా చిన్న పుస్తకంలా ఉండేది. వెళ్లి వచ్చే వీసాను పాస్‌పోర్టు పేజీ మీదే ముద్రగా వేసేవారు. కువైట్‌లో నివాస అనుమతిని పాస్‌పోర్టులో అతికించేవారు. పుస్తకం మారితే ఆ కాగితం కొత్తదాంట్లో లేదన్న సంగతి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఇప్పుడా ముద్రలు ఒక్కొక్కటే పోయాయి. కువైట్ 2019 మార్చిలో అతికించడం మానేసి సివిల్ ఐడీ కార్డునే ఆధారం చేసింది. ఎమిరేట్స్ 2022లో అదే పని చేసింది. సౌదీ 2023 మే నుంచి మన దేశం వారికి వీసా స్టిక్కరు బదులు కాగితం మీద క్యూఆర్ కోడ్ ఇస్తోంది. ముద్ర కనబడటం లేదు గనుక మార్చేదేమీ లేదనుకోవడంలోనే పొరపాటుంది. అది పేజీ మీద నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లింది, అంతే. అక్కడ అది మీ పాత నంబరునే పట్టుకుని ఉంటుంది.

మరి మార్చేదెవరు? సౌదీలో కంపెనీ మనిషికి కంపెనీయే మార్చాలి. ఇంటి డ్రైవరు, ఇంటి పనివారి విషయంలో కఫీల్ తన అబ్‌షర్ ఖాతా నుంచి మార్చాలి. భార్యాపిల్లలను అక్కడే ఉంచుకున్నవారు వారి వివరాలను తమ సొంత అబ్‌షర్ నుంచే మార్చుకోవచ్చు. ఇఖామా నంబరు మారదు. మీ వివరాలు మీరు మార్చలేకపోయినా, ఏ పాస్‌పోర్టు నంబరు నమోదై ఉందో మీ అబ్‌షర్‌లో చూసుకోవచ్చు. "చేశాంలే" అన్న మందూబ్ మాట నమ్మి ఊరుకోకుండా ఆ నంబరు ఒకసారి కళ్లతో చూసుకోండి. ఇందులో ఆయన్ను అనుమానించడమేమీ లేదు.

పాస్‌పోర్టును యజమాని దగ్గరే ఉంచేసినవారి ఇబ్బంది వేరు. అలా ఉంచుకోవడం గల్ఫ్ దేశాల్లో చట్టానికి విరుద్ధమే. కానీ ఇళ్లలో పనిచేసే ఆడవారు ఎంతమంది నోరు విప్పి అడగగలరు? గడువు తేదీ అయినా రాసి ఇంటికి పంపితే, ఇక్కడి వారు లెక్క చూసుకుని గుర్తు చేయగలుగుతారు.

పిల్లల సంగతి తరచూ మరుపున పడుతుంది. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు నడిస్తే పిల్లలది అయిదేళ్లే. అంటే తండ్రి ఒకసారి మార్చుకునేలోగా పిల్లవాడికి రెండుసార్లు మార్చవలసి వస్తుంది. గడువుకు ఏడాది ముందు నుంచే మన ప్రభుత్వం కొత్తది ఇస్తుంది. చివరి నెల దాకా ఆగడం దేనికి?

ఇక పేర్ల గొడవ. ఇది మనవారికి ప్రత్యేకం. పాత పాస్‌పోర్టుల్లో షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి అసలు పేరుతో కలిపి ఒకే గడిలో రాసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవి ఎన్నో. మొహమ్మద్‌ను ఒకచోట పూర్తిగా, ఇంకోచోట 'ఎం.డి.' అని పొట్టిగా రాసినవీ ఉన్నాయి. కొత్తది తీసుకునేటప్పుడు ఎవరో సలహా ఇస్తే పేరును రెండు గడులకూ పంచుతారు. మనకు అది అదే పేరు. అక్కడి కంప్యూటర్‌కు వేరే మనిషి. 2022 నవంబరులో ఎమిరేట్స్ ఒంటిపేరు పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమన్నప్పుడు ఎంత కలవరం రేగిందో గుర్తుండే ఉంటుంది. కనుక పేరు సరిచేయించుకోవడం మంచిదే గాని, చేయించాక ఇఖామా, సివిల్ ఐడీ, బ్యాంకు ఖాతా అన్నింట్లోనూ ఆ మార్పు జరిగేలా చూసుకోవాలి. సగం మారి సగం మారకపోతే మొదటికే మోసం.

సెలవుకు వచ్చినప్పుడు ఇక్కడే కొత్తది చేయించుకోవాలనుకునేవారు ఒక్క క్షణం ఆలోచించండి. పోలీసు విచారణ ఆలస్యమైతే ముప్పై రోజుల సెలవు ఇట్టే కరిగిపోతుంది. పని చేసే చోటే చేయించుకుని, నంబరు మార్పించి రావడమే నా దృష్టిలో మేలు. తప్పనిసరై ఇక్కడే చేయిస్తే పాతది, కొత్తది రెండూ వెంట తీసుకెళ్లండి. కొత్తదాని చివరి పేజీలో పాత నంబరు, అది ఇచ్చిన తేదీ, స్థలం రాసి ఉంటాయి. రెండూ ఒకే మనిషివని చూపే ఆధారం అదే. వీసాలున్న పాత పుస్తకాన్ని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేవారిని చూశాను!

'ఎమిగ్రేషన్ చెక్' ముద్ర ఉన్నవారికి మరో మాట. పదో తరగతి పాసైనవారు, విదేశాల్లో మూడేళ్లకు మించి ఉన్నవారు కొత్త పాస్‌పోర్టులో ఆ ముద్ర లేకుండా చేయించుకోవచ్చు. అడిగితేనే తీస్తారు.

అమెరికా వీసాకు ఈ మార్పిడి లేదు. పాత పుస్తకంలోని వీసా గడువు ఉండి, చెడిపోకుండా ఉంటే రెండూ కలిపి చూపితే చాలు. బ్రిటన్ ఇప్పుడు ఈ-వీసా పద్ధతికి మారింది. అక్కడ ఉంటున్నవారు తమ ఖాతాలో కొత్త పాస్‌పోర్టు నంబరు తామే చేర్చుకోవాలి.

మా మేనల్లుడు చాలీస్వా అయ్యాక రియాద్ తిరిగి వెళ్లాడు. వెళ్లిన వారంలోనే గదిలో ఉన్నవారందరి చేతా అబ్‌షర్ తెరిపించాడట. ఎనిమిది మందిలో ముగ్గురికి పాత నంబరే ఉంది. అందులో ఒకతను వచ్చే నెల చెల్లెలి నికాహ్‌కు టికెట్టు కొనుక్కుని ఉన్నాడు.