హ్యాండ్‌బ్యాగులో ఎయిర్ పిస్టల్: అపోహలు, వాస్తవాలు

ఎయిర్ పిస్టల్ పది మీటర్ల దూరంలోని కాగితం మీద గురిచూసి కొట్టడానికి తయారైన క్రీడా పరికరం. అందులో మందుగుండు ఉండదు. కుదించి నింపిన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను ముందుకు తోస్తుంది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం మన దేశంలో బోరు 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని గాలి తుపాకులకు లైసెన్స్ అక్కర్లేదు. ఈ వెసులుబాటు ఆట కోసం ఇచ్చింది. దాన్ని పట్టుకుని పుట్టిన ప్రచారం మాత్రం వేరు: లైసెన్స్ అక్కర్లేదు కనుక ఆడపిల్లలు దీన్ని బ్యాగులో వేసుకుని తిరగాలి, ఎవడైనా మీదికొస్తే తీసి కాల్చాలి, అదే అసలైన ఆత్మరక్షణ అని. మహిళలు షూటింగ్ నేర్చుకోవడం గురించి చలామణిలో ఉన్న అపోహలన్నిటిలో ఎక్కువ చేటు చేస్తున్నది ఇదే. ఇది నమ్మినవారికి దక్కేది ఉత్త ధైర్యం, పిల్లలు తిరిగే ఇంట్లో ఒక ఆయుధం.

ముందు శక్తి సంగతి. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ అర గ్రాము బరువున్న పెల్లెట్‌ను సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్క కడితే ఆరు జౌళ్లు కూడా నిండవు. పోలీసుల దగ్గరుండే 9 ఎం.ఎం. పిస్టల్ తూటా శక్తి దాదాపు 500 జౌళ్లు. దుప్పటంత మందం జాకెట్ వేసుకుని మీదికి ఉరికే మగవాణ్ని ఆరు జౌళ్ల పెల్లెట్ ఆపదు. వాడికి నొప్పి పుడుతుంది, దానితోపాటు కోపం రెట్టింపవుతుంది. అదే పెల్లెట్ కంట్లో పడితే చూపు పోతుంది. పసిపిల్లల తలకో మెడకో తగిలితే ప్రాణమే పోవచ్చు. దుండగుణ్ని ఆపేంత బలం దానికి లేదు, పక్కనున్న అమాయకుణ్ని గాయపరచేంత బలం ఉంది. ఆత్మరక్షణ సాధనానికి ఇంతకంటే చెడ్డ లక్షణం ఉండదు.

తర్వాత వేగం. పోటీ ఎయిర్ పిస్టల్ ఒక్కసారికి ఒక్క పెల్లెట్‌నే తీసుకుంటుంది. పైనున్న లీవర్ ఎత్తాలి. డబ్బాలోంచి పెసరగింజంత పెల్లెట్‌ను రెండు వేళ్లతో పట్టి తీయాలి. దాని చదును ముఖం ముందుకు, గుల్లగా ఉన్న వైపు వెనక్కి వచ్చేలా గొట్టం వెనక కొసలో కూర్చోబెట్టాలి. లీవర్ మూయాలి. అప్పుడు గురి. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాల గడువు ఉంటుంది, అంటే ఒక్కో షాటుకు నిమిషంపావు. రేంజ్‌లో స్థిమితంగా నిలబడిన క్రీడాకారిణికే ఆ పెల్లెట్ అప్పుడప్పుడు వేళ్లలోంచి జారి కింద పడుతుంది. చీకట్లో, ఒళ్లంతా వణుకుతున్నప్పుడు, ఒక చెయ్యి ఎవడి పట్టులోనో ఉన్నప్పుడు ఈ తతంగం సాగదు. ముందే పెల్లెట్ నింపి బ్యాగులో పెట్టుకుంటే సరిపోతుందని కొందరి సలహా. పోటీ పిస్టల్ ట్రిగ్గర్‌ను కదపడానికి అర కిలో బరువు ఒత్తిడి చాలు. తాళంచెవులు, ఛార్జరు, దువ్వెన కలిసి ఊగులాడే బ్యాగులో అలాంటి ట్రిగ్గర్‌ను పెట్టమనడం ప్రమాదాన్ని చేతులారా కొనితెచ్చుకోమనడమే.

గ్యాస్ గుళికతో వరసగా కాల్చే రకాలూ ఉన్నాయి. వాటి శక్తీ అంతంత మాత్రమే. పైగా అవి చూడడానికి అచ్చం అసలు పిస్టల్‌లాగే ఉంటాయి. ఎదుటివాడి దగ్గర కత్తి ఉంటే, పిస్టల్ కనబడగానే వాడు ఆ కత్తిని వాడడానికే తెగిస్తాడు. పెనుగులాటలో ఆయుధం చేతులు మారితే ఆ తర్వాత అది ఎవరి వైపు తిరుగుతుందో చెప్పనక్కర్లేదు. చిన్న తగాదాలో బెదిరించడానికి బయటికి తీసినా నేరపూరిత బెదిరింపు కేసు ఎదుర్కోవలసింది తీసిన వ్యక్తే. లైసెన్స్ అక్కర్లేదన్న మాటకు ఎక్కడైనా చూపించవచ్చని అర్థం లేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటుంది. ఈ సలహా చీకటి సందులోంచి దూకే అపరిచితుణ్ని మాత్రమే ఊహించుకుంటుంది. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా వెలువరించే నివేదికల్లో అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. బంధువు, పొరుగువాడు, పై అధికారి, ప్రేమించానన్నవాడు. వాళ్లు వచ్చే వేళకు బ్యాగు గోడకున్న కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది.

ఇంట్లో జరిగే నష్టం కళ్లముందే ఉంది. 2022లో సంగారెడ్డి జిల్లాలోని ఒక ఫామ్‌హౌస్‌లో ఎయిర్ గన్ పెల్లెట్ తగిలి చిన్నపాప చనిపోయింది. బొమ్మలాంటిదే కదా అని అలమర పైనో మంచం పక్కనో వదిలేసే అలవాటు ఈ ‘లైసెన్స్ అక్కర్లేదు’ అనే మాట నుంచే వస్తుంది.

దీని తోడబుట్టిన అపోహ ఖాళీ తుపాకీ. అందులో ఏమీ లేదులే అంటూ పక్కవారి వైపు తిప్పి నవ్వించబోయినప్పుడే అనేక ప్రమాదాలు జరిగాయి. పిస్టల్ నుంచి మ్యాగజైన్ ఊడదీసినా, అప్పటికే గొట్టం మొదట్లోని గదిలోకి చేరిన తూటా అక్కడే ఉండిపోతుంది. మ్యాగజైన్ చేతిలో ఉంది కనుక తుపాకీ ఖాళీ అనిపిస్తుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. అందుకే ఏ రేంజ్‌లోనైనా మొదటి పాఠం ఒకటే: ప్రతి తుపాకీ నిండే ఉందనుకోవాలి, గొట్టాన్ని ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంచాలి, కాల్చే క్షణం వరకూ వేలు ట్రిగ్గర్‌కు బయట ఉండాలి, టార్గెట్ వెనక ఏముందో తెలిసి ఉండాలి. పిస్టల్ బల్ల మీద పెట్టినప్పుడు గొట్టం ఆ చివర నుంచి ఈ చివరకు కొట్టొచ్చినట్టు కనబడే రంగు తీగ ఒకటి దూర్చుతారు. అది బయటికి కనబడుతుంటేనే లోపల పెల్లెట్ లేదని అందరికీ తెలుస్తుంది. ఒలింపిక్ పతకం ఉన్నవారైనా ఆ తీగ పెట్టవలసిందే.

దాడి చేసినవాణ్ని చంపినా ఆడవారి మీద కేసు ఉండదని, ఐపీసీ 233 కింద కేంద్రం కొత్త చట్టం తెచ్చిందని ఒక సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతోంది. 233వ సెక్షన్ దొంగనాణేల పనిముట్లకు సంబంధించింది. కొత్త చట్టమేదీ రాలేదు. అయితే ఈ సందేశంలో ఒక్క ముక్క నిజమని ఒప్పుకోక తప్పదు. ఆత్మరక్షణ హక్కు ఉంది, అదీ 1860 నాటి ఐపీసీ నుంచీ ఉంది. ప్రాణభయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ వంటి దాడుల్లో అది ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చని 100వ సెక్షన్ చెప్పింది. 2013లో యాసిడ్ దాడినీ చేర్చారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 38వ సెక్షన్. ప్రాణం మీదికొచ్చిన మనిషి దెబ్బను తులాల్లో తూచి కొట్టలేదని కోర్టులూ అంగీకరించాయి. కానీ కేసే ఉండదన్నది అబద్ధం. పోలీసులు కేసు కడతారు, విచారణ జరుగుతుంది, ఆత్మరక్షణే అని నిరూపించుకునే బాధ్యత ఆ మహిళ మీదే ఉంటుంది. అవసరానికి మించిన హాని చేయకూడదు. వాడు పారిపోతుంటే వెంటపడి కొడితే అది ఆత్మరక్షణ కాదు. సందేశాన్ని నమ్మి ఎవరికీ చెప్పకుండా అక్కడి నుంచి వెళ్లిపోతే నిర్దోషికే అనుమానం చుట్టుకుంటుంది. వెంటనే 112కు ఫోన్ చేయాలి, గాయాలను ఆస్పత్రిలో నమోదు చేయించుకోవాలి.

మహిళలకు ప్రభుత్వం లైసెన్స్ లేకుండా రివాల్వర్ ఇస్తుందన్నదీ పచ్చి అబద్ధమే. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో మహిళల కోసమంటూ తెచ్చిన ‘నిర్భీక్’ .32 బోరు, అర కిలో బరువు. దానికీ లైసెన్స్ తప్పదు. షూటింగ్ క్లబ్బులో చేరినంత మాత్రాన లైసెన్స్ రాదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి, భద్రతా శిక్షణ ధ్రువపత్రం ఉండాలి, పోలీసు విచారణ జరగాలి. ఇవన్నీ ఎందుకని తపంచా కొనేవారికి 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ల జైలు.

ఇక చిన్నాచితకా నమ్మకాలు. తుపాకీ తన్ను ఆడవారి భుజం తట్టుకోలేదంటారు. ఎయిర్ పిస్టల్‌కు తన్నే దాదాపు ఉండదు. మగవారితో సమానంగా గురి కుదరదంటారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్త్రీపురుషులు కలిసి పోటీపడిన స్కీట్‌లో (గాలిలో ఎగిరే బిళ్లలను కాల్చే పోటీ) స్వర్ణం గెలిచింది చైనా మహిళ జాంగ్ షాన్. ఆ తర్వాతి ఒలింపిక్స్‌లో మహిళలకు స్కీట్ పోటీయే లేకుండా చేశారు, అది ఆడవారి బలహీనత కాదు. గర్భిణులు పనికిరారంటారు, మలేసియా షూటర్ నూర్ సుర్యాని తైబి ఎనిమిది నెలల గర్భంతో 2012 లండన్ ఒలింపిక్స్‌లో పోటీపడింది. వయసు మీరితే చేయి వణుకుతుందంటారు. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్ అరవై దాటాక పిస్టల్ పట్టింది.

షూటింగ్ నేర్చుకోవాలనుకునే అమ్మాయి నేర్చుకోవలసిందే, కానీ ఆటగా. 2024 పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. సొంత పిస్టల్ కొనకముందు క్లబ్బులో చేరడం మేలు. పెల్లెట్ లేకుండా నిలబడడం, ఊపిరి బిగపట్టడం, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా లాగడం మొదట అలవాటు కావాలి.

ఆత్మరక్షణ వేరే విద్య, దానికి వేరే సాధన కావాలి. మణికట్టు పట్టుకున్నవాడి పిడికిలిలో బొటనవేలూ తక్కిన వేళ్లూ కలిసే చోటే బలహీనం; చేతిని అటు తిప్పి ఒక్కసారిగా లాగాలి, గట్టిగా అరవాలి, పరుగెత్తాలి. పెప్పర్ స్ప్రే చట్టబద్ధం. 2019 డిసెంబరులో హైదరాబాద్ మెట్రో కూడా మహిళలు దాన్ని వెంట తీసుకెళ్లడానికి అనుమతించింది. అది బ్యాగు అడుగున ఉంటే లేనట్టే, చేతికి అందే జేబులో ఉండాలి. గడువు తేదీ చూసుకోవాలి, గాలి ఎటు వీస్తోందో గమనించాలి, ఆరుబయట ఒకసారి నొక్కి చూసుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే ఎయిర్ పిస్టల్ ఉంటే పెల్లెట్ తీసేసి, గాలి సిలిండర్ ఊడదీసి, తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. పెల్లెట్ల డబ్బా వేరే గదిలో, తాళంచెవి పెద్దల దగ్గర ఉండాలి.